ఎడిటింగ్ మధ్యలో సాఫ్ట్‌వేర్ మూసుకుపోతుంటే: ముందు చూడాల్సింది ఎక్కడ ఆగిందన్నది

పెళ్లి వీడియోలు, యూట్యూబ్ ఛానెళ్లు, ఆన్‌లైన్ పాఠాలు ఇప్పుడు చాలావరకు ఇంట్లో ఉన్న కంప్యూటర్ మీదే ఎడిట్ అవుతున్నాయి. రెండు గంటల పెళ్లి వీడియోను ఎక్స్‌పోర్ట్‌కు పెట్టాక, డెబ్బై శాతం దగ్గర సాఫ్ట్‌వేర్ ఉన్నట్టుండి మూసుకుపోతే చాలామంది ముందుగా చేసేది దాన్ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. దానికీ లొంగకపోతే ఫార్మాట్ కొట్టించి విండోస్ కొత్తగా వేయించడం, ఆ తర్వాత ర్యామో గ్రాఫిక్స్ కార్డో కొనడం. ఈ వరుసలో కారణమేమిటన్న ప్రశ్నకు చోటే లేదు. ఆ ప్రశ్న వేయడానికి పెద్ద సాంకేతిక పరిజ్ఞానం కూడా అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ ప్రతిసారీ ఒకే చోట ఆగుతోందా, ఒక్కోసారి ఒక్కో చోట ఆగుతోందా అని గమనిస్తే చాలు, వెతకాల్సిన పరిధి బాగా తగ్గిపోతుంది. తెర మీద కనిపించే ఎర్రర్ సందేశం కంటే ఇదే నమ్మదగిన ఆధారం.

ఎడిటింగ్ కంప్యూటర్‌కు మామూలు పని కాదు. 4కే వీడియోలో ఒక్క ఫ్రేముకు అడ్డంగా 3840, నిలువుగా 2160 చొప్పున దాదాపు 83 లక్షల పిక్సెళ్లుంటాయి. పిక్సెల్‌కు 4 బైట్ల లెక్కన ఒక్క ఫ్రేమే 33 మెగాబైట్లు. సెకనుకు 30 ఫ్రేములంటే దగ్గర దగ్గర ఒక గిగాబైటు. ఫోను అంత డేటాను దాచలేదు కాబట్టి హెచ్.264, హెచ్‌ఈవీసీ పద్ధతుల్లో కుదించి దాస్తుంది. అప్పుడప్పుడూ ఒక పూర్తి ఫ్రేమును ఉంచి, మధ్యలోవాటికి మారిన భాగాలను మాత్రమే రాసుకుంటుంది. వీడియో చూసేటప్పుడు అది వరుసగా ముందుకు నడుస్తుంది కనుక ఇబ్బంది లేదు. ఎడిట్ చేసేటప్పుడు మాత్రం టైమ్‌లైన్ మీద ఎక్కడ క్లిక్ చేసినా, ఆ ఫ్రేమును చూపడానికి సాఫ్ట్‌వేర్ వెనకున్న పూర్తి ఫ్రేము దాకా వెళ్లి, అక్కడినుంచి విప్పుకుంటూ రావాలి. పైగా రంగుల సవరణ, టైటిళ్లు, ఎఫెక్టులు. ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, డిస్కు, పవర్ సప్లై ఇలా అన్నీ ఒకేసారి నిండా పనిచేసే సందర్భం ఇంటి కంప్యూటర్‌లో అరుదు. అందుకే బ్రౌజర్, వర్డ్ బాగానే నడుస్తున్నాయి కదా, తప్పు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌దే అనే వాదన నిలవదు. తేలికపాటి పనుల్లో దాగి ఉన్న లోపం ఈ బరువు కిందే బయటపడుతుంది.

ప్రతిసారీ ఒకే చోట ఆగుతోందనుకుందాం. అదే ప్రోగ్రామ్‌కు అదే డేటా ఇస్తే సాధారణంగా అదే ఫలితం వస్తుంది. కాబట్టి అనుమానించాల్సింది ఆ చోట ఉన్న క్లిప్‌ను, ఎఫెక్ట్‌ను, ప్లగిన్‌ను, ఫాంట్‌ను. వాటిలో దోషి ఏదో కనుక్కోవడానికి ప్రాజెక్ట్‌ను కాపీ చేసుకుని, అందులో సగం తీసేసి ఎక్స్‌పోర్ట్ చేయాలి. క్రాష్ అయితే లోపం మిగిలిన సగంలో ఉంది, కాకపోతే తీసేసిన సగంలో ఉంది. ఇలా సగం చేసుకుంటూ పోతే 64 క్లిపులున్న ప్రాజెక్ట్‌లోనైనా ఆరు పరీక్షల్లో ఒక్క క్లిప్ దగ్గరికి చేరతాం. ఆ క్లిప్ ఫోనుతో తీసినదైతే ఇంకో సంగతి చూడాలి. చాలా ఫోన్లు సెకనుకు ఇన్ని ఫ్రేములని కచ్చితంగా పాటించవు, వెలుతురును బట్టీ ఫోను మీద పడే భారాన్ని బట్టీ ఆ వేగం మారుతుంది. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు దీంతో తడబడతాయి. హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాధనంలో స్థిరమైన ఫ్రేమ్ రేటు ఎంచుకుని ఆ క్లిప్‌ను మార్చుకుని, పాతదాని స్థానంలో పెట్టి చూడాలి. క్రాష్ ఆగిపోతే కారణం దొరికినట్టే, పైసా ఖర్చు లేదు.

ఒక్కోసారి ఒక్కో చోట ఆగుతుంటే డేటా మీద అనుమానం తగ్గి, యంత్రం మీద అనుమానం పెరుగుతుంది. యంత్రంలోని లోపం మళ్లీ మళ్లీ బయటపడుతుందనడానికి గట్టి ఆధారం ఉంది. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2011లో దాదాపు పది లక్షల పర్సనల్ కంప్యూటర్ల వైఫల్యాలను విశ్లేషించారు. హార్డ్‌వేర్ లోపంతో ఒకసారి క్రాష్ అయిన యంత్రం మళ్లీ క్రాష్ అయ్యే అవకాశం వంద రెట్ల దాకా ఎక్కువని తేలింది. అంటే ఇది ఏదో ఒకసారి జరిగి పోయేది కాదు, తిరిగి తిరిగి వచ్చే జబ్బు. ర్యామ్‌ను విండోస్‌లోనే ఉండే మెమరీ డయాగ్నోస్టిక్‌తోనో మెమ్‌టెస్ట్86తోనో రాత్రంతా పరీక్షించవచ్చు. బయోస్‌లో ర్యామ్ వేగాన్ని పెంచే ఎక్స్‌ఎంపీ ఆన్‌లో ఉంటే ఆపి చూడవచ్చు. వేడి సంగతి వేరు. ప్రాసెసర్ వేడెక్కితే ముందు తనంతట తానే నెమ్మదిస్తుంది, అప్పటికీ తగ్గకపోతే కంప్యూటర్ మొత్తం ఆగిపోతుంది. కాబట్టి మే నెల మధ్యాహ్నాల్లో కంప్యూటరే ఆరిపోతుంటే ఫ్యాన్ల దుమ్ము, పవర్ సప్లై చూడాలి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఒక్కటే మూసుకుపోతుంటే వేడిని మొదటి ముద్దాయిగా పెట్టనక్కర్లేదు.

ఎర్రర్ సందేశం కారణాన్ని చెప్పేస్తుంది కదా అనవచ్చు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల ఉదంతం చూస్తే ఆ నమ్మకం నిలవదు. ఆ ప్రాసెసర్లున్న కంప్యూటర్లలో కొన్ని గేములు వీడియో మెమరీ చాలలేదని చెప్పి మూసుకుపోయేవి. గ్రాఫిక్స్ కార్డులో కావలసినంత మెమరీ ఉన్నా అదే సందేశం. అసలు లోపం ప్రాసెసర్‌కు అందే అధిక వోల్టేజీలో ఉందని 2024లో ఇంటెల్ ప్రకటించి, ఆగస్టులో దిద్దుబాటు మైక్రోకోడ్ విడుదల చేసింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఆ సందేశాన్ని నమ్మి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నవాళ్ల సమస్య తీరేది కాదు. ఇలాంటి లోపం వల్ల మెమరీలోని డేటా పాడైతే, తర్వాత దాన్ని ఏ భాగం ముట్టుకుంటే అది కూలుతుంది, సందేశంలో దాని పేరే వస్తుంది.

ఈ పద్ధతికీ మినహాయింపులున్నాయి. ఒక బరువైన ఎఫెక్ట్ దగ్గర గ్రాఫిక్స్ కార్డు స్పందించడానికి రెండు సెకన్లు దాటితే విండోస్ మామూలుగా దాని డ్రైవర్‌ను రీసెట్ చేస్తుంది, దాంతో సాఫ్ట్‌వేర్ కూలవచ్చు. చోటు ఒకటే, కారణం భారం. అలాంటప్పుడు ఆ క్లిప్‌నే ఖాళీ ప్రాజెక్ట్‌లో ఎఫెక్ట్ లేకుండా నడిపితే తేడా తెలిసిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లోనే మెమరీ వాడకం అదుపు తప్పి పెరుగుతూ పోతే ఎక్కడైనా ఆగవచ్చు. టాస్క్ మేనేజర్ తెరిచి ఉంచితే ఆ పెరుగుదల కనిపిస్తుంది. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే బాగైందని చెప్పేవాళ్లూ ఉన్నారు, అది అబద్ధం కాదు. కాకపోతే ఒక్కదెబ్బకు పది విషయాలు మారాయి కనుక ఏది పనిచేసిందో తెలియదు. పైగా చాలా సాఫ్ట్‌వేర్లు తీసేసినా పాత సెట్టింగులను యూజర్ ఫోల్డర్‌లో అలాగే వదిలేస్తాయి. కాష్‌ను ఖాళీ చేయడం, సెట్టింగులను మొదటి స్థితికి తేవడం, డ్రైవర్ మార్చడం వేర్వేరుగా, ఒకదాని తర్వాత ఒకటి చేసి చూడాలి.

కాబట్టి క్రాష్ అయిన ప్రతిసారీ టైమ్‌లైన్‌లో ఏ నిమిషం దగ్గర ఆగిందో, అప్పుడు ఏం చేస్తున్నారో, సాఫ్ట్‌వేర్ ఆగిందా కంప్యూటరే ఆగిందా అన్నది కాగితం మీద రాసిపెట్టుకోవాలి. రిపేరు షాపుకు వెళ్లినా, సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫిర్యాదు చేసినా పనికొచ్చేది ఆ కాగితమే. ఫలానా క్లిప్ మీద ఫలానా ఎఫెక్ట్ వేస్తే ప్రతిసారీ కూలుతోందని చూపించగలిగితే ప్రోగ్రామర్ దాన్ని తన కంప్యూటర్‌లో రప్పించి సరిచేయగలడు. ఆ దిద్దుబాటు ఆ సాఫ్ట్‌వేర్ వాడే అందరికీ అందుతుంది.