46 వేల మంది ఉన్నా మేయర్ లేడు... మరి అది ఊరేనా?

2011 లెక్కల ప్రకారం మన జమ్మలమడుగు జనాభా సుమారు 46 వేలు. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఆష్‌బర్న్ అని ఒక ఊరుంది. 2020 లెక్కల్లో దాని జనాభా కూడా 46 వేల పైచిలుకే. జమ్మలమడుగుకు మున్సిపాలిటీ ఉంది, వార్డులున్నాయి, కౌన్సిలర్లు ఉంటారు. ఆష్‌బర్న్‌కు ఇవేవీ లేవు. మేయర్ లేడు, కౌన్సిల్ లేదు, ఊరి పేరున పన్ను కట్టించుకునే ఆఫీసూ లేదు.

అదేదో మారుమూల పల్లె అనుకునేరు. వాషింగ్టన్ డీసీకి దగ్గర్లోనే ఉంటుంది. ప్రపంచంలో డేటా సెంటర్లు బాగా కిక్కిరిసిన చోట్లలో అదొకటి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా అక్కడ చాలానే ఉన్నాయి. అయినా చట్టం దృష్టిలో అది ఊరు కాదు. స్కూళ్లు, పోలీసు పని లౌడన్ కౌంటీ చూసుకుంటుంది. రోడ్లు ఎక్కువగా రాష్ట్ర ప్రభుత్వానివి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే, కాకపోతే దానికి ఎన్నికైన బోర్డు ఉంటుంది.

ఇలాంటి చోట్లను అక్కడ 'అన్‌ఇన్‌కార్పొరేటెడ్ కమ్యూనిటీ' అంటారు. సొంత పాలకమండలి లేని ఊరన్నమాట. కొన్నిచోట్ల నాలుగు ఇళ్లు, ఒక చర్చి, ఒక పెట్రోల్ బంకు మాత్రమే ఉంటాయి. మరి లెక్కలెట్లా? అమెరికా సెన్సస్ వాళ్లు 1950 నుంచి ఇలాంటి ఊళ్లలో కాస్త పెద్దవాటిని విడిగా లెక్కిస్తున్నారు. 1980 నుంచి వీటికి 'సెన్సస్ డెసిగ్నేటెడ్ ప్లేస్' అని పేరు పెట్టారు. జనం ఒకచోట గుంపుగా ఉండి, ఆ చోటుకు వాడుకలో పేరుంటే, దాని చుట్టూ మ్యాప్‌లో గీత గీస్తారు. ఆ గీతకు చట్టబలం లేదు, కేవలం లెక్క కోసమే.

ఒక్కరే ఉన్న ఊరు

దీనికి పూర్తిగా తిరగబడిన కేసు కూడా ఉంది. నెబ్రాస్కా రాష్ట్రంలోని మోనోవై చట్టప్రకారం గ్రామం. 2010 లెక్కల్లో దాని జనాభా అక్షరాలా ఒకటి! అక్కడున్న పెద్దావిడే మేయర్, గుమాస్తా, అన్నీ. 2020 లెక్కల్లో మాత్రం జనాభా రెండు అని వచ్చింది. రెండో మనిషి ఎవరని అందరూ వెతికారు. ఎవరూ లేరు. మనుషుల వివరాలు బయటపడకుండా ఉండాలని సెన్సస్ వాళ్లు చిన్న ఊళ్ల అంకెల్లో కావాలనే కాస్త తేడా కలుపుతారు. ఆ కలిపిన తేడానే ఆ రెండో మనిషి!

మన దగ్గరా ఉంది ఈ కథ

నవ్వుకుంటున్నారా? మన కడప జిల్లాలోనూ ఇదే తంతు, పేర్లే వేరు. మన సెన్సస్ పల్లెల్లో లెక్కేసేది రెవెన్యూ గ్రామాన్ని. అది పొలాల సర్వే నంబర్లతో గీసిన హద్దు. ఆ హద్దులో ఒక పెద్ద ఊరు, చుట్టూ మూడు నాలుగు పల్లెలు, కొట్టాలు ఉండొచ్చు. వీటినే మజరాలు అంటాం. మజరాకు గుడి ఉంటుంది, రచ్చబండ ఉంటుంది, బస్సు ఆగే చోటు ఉంటుంది. సెన్సస్ పట్టికలో మాత్రం దానికి విడిగా వరుస ఉండదు. అక్కడి జనమంతా పెద్ద ఊరి అంకెలో కలిసిపోతారు.

తిరగబడిన కేసు ఇక్కడా ఉంది. రికార్డులో గ్రామం ఉంటుంది, సర్వే నంబర్లుంటాయి, మనుషులే ఉండరు. రెవెన్యూ వాళ్లు దాన్ని 'బేచిరాగ్' గ్రామం అంటారు. చిరాగ్ అంటే దీపం. దీపం వెలగని ఊరన్నమాట.

గండికోటనే తీసుకోండి. ఎర్రమల కొండలను చీల్చుకుని పెన్న పారే లోయ అంచున, జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉంది. పెమ్మసాని నాయకుల ఏలుబడిలో అదొక సీమకు కేంద్రం. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే అక్కడికొచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. ఇప్పుడు ఆ కోట గోడల లోపల ఉన్నది ఒక చిన్న పల్లె. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లను ఏలిన చోటు ఇవాళ జమ్మలమడుగు మండలంలో ఒక గ్రామం. ఊరి హోదా శాశ్వతం కాదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అదే గండికోట పేరుతో కట్టిన రిజర్వాయర్ సామర్థ్యం 26.85 టీఎంసీలు. దాని కింద పల్లెలకు పల్లెలే పోయాయి. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు కొండాపురం మండలంలోని తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయింది. జనం పునరావాస కాలనీలకు, బంధువులున్న ఊళ్లకు చెదిరిపోయారు. జనగణనలో మనిషిని ఎక్కడుంటే అక్కడే రాసుకుంటారు. కాబట్టి వాళ్లంతా కొత్త చోటి అంకెలో చేరతారు. పాత ఊరు పట్టికలో మిగిలినా దాని ఎదుట సున్నానే.

అంకె ఎందుకు ముఖ్యం?

పేరుదేముంది అనొచ్చు. ఉంది. 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల గ్రాంట్లను రాష్ట్రాలకు పంచినప్పుడు 90 శాతం తూకం జనాభాకే ఇచ్చింది, అదీ 2011 జనాభాకు. సర్పంచ్, వార్డు సీట్ల రిజర్వేషన్లకూ జనాభా లెక్కే ఆధారం. 5 వేల జనాభా దాటి, చదరపు కిలోమీటరుకు 400 మందికి తగ్గకుండా ఉండి, పనిచేసే మగవాళ్లలో 75 శాతం వ్యవసాయం కాని పనుల్లో ఉంటే, పంచాయతీ అయినా సరే సెన్సస్ దాన్ని పట్టణంగా రాసుకుంటుంది. ప్రొద్దుటూరు లాంటి పెద్ద ఊళ్ల అంచున పెరిగే పల్లెలకు ఇది తగిలే నిబంధన.

మజరాలకు మేలు చేసిన పథకం ఒకటుంది. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన. అందులో రోడ్డుకు లెక్క రెవెన్యూ గ్రామం కాదు, 'ఆవాసం'. జనం స్థిరంగా గుంపుగా ఉండే చోటు. మైదాన ప్రాంతంలో 500 మంది ఉంటే చాలు, ఆ ఆవాసానికి రోడ్డు అడిగే అర్హత ఉంటుంది. అమెరికా వాళ్లు మ్యాప్‌లో గీసే గీతకూ దీనికీ ఆలోచన ఒకటే: ముందు మనుషులు, తర్వాత హద్దు.

ఇదే ఆలోచన జనగణనకూ రావాలి. 2021లో జరగాల్సిన గణన వాయిదా పడి 2027కు వచ్చింది. మొదట ఇళ్ల లెక్క, తర్వాత మనుషుల లెక్క. కాగితాలు పోయి ఈసారి మొబైల్ యాప్‌లో నమోదు. పట్టిక గ్రామం దగ్గరే ఆగిపోవాల్సిన పని ఇప్పుడు లేదు. మజరాల వారీగా కూడా అంకెలు ఇవ్వడం సాంకేతికంగా పెద్ద కష్టం కాదు. డేటాబేస్‌లో ఒక కాలమ్ చేర్చే పని. కావాల్సింది ఇవ్వాలన్న నిర్ణయమే.

ఆ నిర్ణయం వచ్చేదాకా మన చేతిలోనూ కొంత పనుంది. పులివెందుల పక్క పల్లెలో ఉన్నా, పునరావాస కాలనీలో ఉన్నా, లెక్కలవాళ్లు వచ్చినప్పుడు ఇంట్లోని ప్రతి మనిషినీ రాయించండి. మీ కొట్టాలకు, మీ కాలనీకి వాళ్లు వచ్చారో లేదో కనుక్కోండి. రాకపోతే సచివాలయంలో అడగండి. ఆష్‌బర్న్‌కు మేయర్ లేకపోయినా నడుస్తోంది, ఎందుకంటే అక్కడ ఎంతమంది ఉన్నారో ఆ పేరు మీదే లెక్క ఉంది. మన మజరాలో ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయో ఏ పట్టికా చెప్పకపోతే, రోడ్డు గురించీ నీళ్ల గురించీ అడిగే నోటికి బలం ఎక్కడిది?