నిద్రలో శ్వాస ఆగు వ్యాధి: గాలి యంత్రమును అలవాటు చేసికొను విధము

ఎవరైనను పెద్దగా గురక పెట్టి నిద్రించుచుండిన, "ఆదమరచి నిద్రపోవుచున్నాడు" అని మనము అనుకొందుము. కుంభకర్ణునితో పోల్చి నవ్వుకొందుము. కాని గురక పెట్టుచున్న మనిషి ఉన్నట్లుండి నిశ్శబ్దమై, కొంతసేపటికి ఉక్కిరిబిక్కిరియై ఒక్క ఊపున మరల శ్వాస పీల్చుకొనుచున్నచో అది సుఖనిద్ర కాదు. అది స్లీప్ ఏప్నియా, అనగా నిద్రలో శ్వాస ఆగు వ్యాధి కావచ్చును.

ఈ వ్యాధికి మంచి చికిత్స కలదు. పడక ప్రక్కన ఉంచిన చిన్న యంత్రము గొట్టము ద్వారా మాస్కులోనికి గాలిని పంపి, శ్వాస ఆగకుండ కాపాడును. దీనిని సీపాప్ యంత్రమందురు. అయితే వేలాది రూపాయలు వెచ్చించి దీనిని కొనియు, పది దినములైనను వాడక అటకమీద పెట్టినవారు కలరు. యంత్రము చెడిపోయినందున కాదు. దానిని అలవాటు చేసికొను విధము తెలియకపోవుటయు, చూచినవారు నవ్వుటయు అందుకు ముఖ్యకారణములు. ఈ రెండింటిని తొలగించుటలో పంచాయతీ సభ్యులు ఎంతయో సాయపడగలరు.

వ్యాధి స్వరూపము

మేలుకొనియున్నపుడు గొంతులోని కండరములు బిగువుగా నుండి శ్వాసమార్గమును తెరచి యుంచును. నిద్రలో అవి సడలును. మెడచుట్టు కొవ్వు చేరుటవలన గాని, దవడ చిన్నదగుటవలన గాని, టాన్సిల్స్ పెరుగుటవలన గాని కొందరికి ఈ మార్గము ముందే ఇరుకుగా నుండును. గాలి తీసిన సైకిలు ట్యూబు అణగిపోయినట్లు అట్టివారి గొంతు నిద్రలో మూసికొనిపోవును. శ్వాస 10 సెకండ్లు, ఒక్కొక్కసారి అంతకు మించి ఆగును. రక్తములో ప్రాణవాయువు తగ్గగానే మెదడు ఉలికిపడును, గొంతు తెరచుకొనును. మరల నిద్ర పట్టగానే మరల అదే జరుగును.

శ్వాస ఆగుట గాని, బాగుగా తగ్గుట గాని గంటకు ఎన్ని పర్యాయములు జరుగుచున్నదో వైద్యులు పరీక్షచేసి లెక్కింతురు. 5 కంటె తక్కువయైన దోషము లేదు. 5 మొదలు 15 వరకు స్వల్పము, 15 మొదలు 30 వరకు మధ్యమము, 30గాని అంతకు మించిగాని యున్న తీవ్రము.

రోగికి తన గురక తెలియదు. తెల్లవారగానే తలనొప్పి, నోరు ఎండుట, రాత్రి పలుమారులు మూత్రమునకు లేచుట, పగలు కూర్చున్నచోటనే కునుకు పట్టుట మాత్రము తెలియును. ఈ వ్యాధిని అలక్ష్యము చేసిన రక్తపోటు, గుండెజబ్బు, పక్షవాతము కలుగు అవకాశము హెచ్చును. ఇది లావుపాటి పురుషులకే వచ్చునని తలంపరాదు. సన్నని వారికిని, స్త్రీలకును రావచ్చును. సింహాసనం, గ్యాంగ్ లీడర్ చిత్రముల పాటలతో తెలుగువారికి సుపరిచితుడైన సంగీత దర్శకుడు బప్పీ లహరి 2022 ఫిబ్రవరి 15న ముంబయిలో మరణించినపుడు, వైద్యులు చెప్పిన కారణము ఈ వ్యాధియే.

యంత్రము పనిచేయు విధము

1980కి పూర్వము ఈ వ్యాధి తీవ్రమైనవారికి మెడ ముందుభాగమున రంధ్రము చేసి, దానిగుండా గాలి ఆడునట్లు చేయుటయే గట్టి చికిత్సగా నుండెను. ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయమునకు చెందిన డాక్టరు కాలిన్ సల్లివాన్ 1980లో వేరొక ఉపాయము నాలోచించెను. ముక్కుమీది మాస్కు ద్వారా గాలిని కొంచెము ఒత్తిడితో పంపిన గొంతు మూసికొనదని ఆయన, ఆయన సహచరులు ఐదుగురు రోగులయందు కనుగొని, 1981లో లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటించిరి.

ఆ ఒత్తిడి ఎంతటిదో మన యింటనే తెలిసికొనవచ్చును. బొప్పాయి ఆకుకాడ గొట్టము కొనను బకెట్టు నీటిలో 10 సెంటీమీటర్ల లోతున ముంచి ఊదుడు. బుడగలు వచ్చుటకు కావలసిన ఒత్తిడియే యంత్రము భాషలో 10. సాధారణముగ 4 మొదలు 20 వరకు గల ఒత్తిడులలో రోగికి తగినదానిని వైద్యుడు నిర్ణయించును. రోగి దానిని తనకు తానుగా మార్చరాదు.

ఇది ఆక్సిజను యంత్రము కాదు. ఇది గదిలోని మామూలు గాలినే పంపును. 2021లో కోవిడ్ రెండవ ఉధృతమున ఆక్సిజను మాస్కులను చూచి భయపడిన మన గ్రామస్థులు, సీపాప్ మాస్కును చూచి "ప్రాణము మీదికి వచ్చినది" అని గుసగుసలాడుట సహజము. ఈ భయము అనవసరము. ఈ వ్యాధి అంటువ్యాధియును కాదు.

మొదటి వారములు

మాస్కులు మూడు విధములు: ముక్కును మాత్రము కప్పునవి, ముక్కు రంధ్రములకు ఆనుకొని యుండునవి, ముక్కును నోటిని కలిపి కప్పునవి. మీసము గడ్డము దట్టముగా గలవారికి కొన్ని మాస్కుల అంచులనుండి గాలి కారును. కనుక మాస్కును కూర్చుండి మాత్రమే గాక, పరుండి, యంత్రము నడుచుచుండగా సరిచూచుకొని కొనవలెను. పట్టీని బిగించినకొలది మేలని తలంపరాదు. పట్టీక్రింద ఒక వ్రేలు సులభముగ దూరవలెను. మితిమీరి బిగించిన ముక్కుపై చర్మము కమిలిపోవును.

మొదటి రాత్రియే తెల్లవార్లు ధరింపవలెనని పట్టుబట్టిన విసుగు కలుగును. కొత్త ఎద్దుకు కాడి అలవాటు చేసినట్లు మెల్లమెల్లగా చేయవలెను. మొదట పగటివేళ మాస్కును కొన్ని నిమిషములు చేతితో ముఖమునకు ఆనించుకొనవలెను. పిమ్మట పట్టీలతో ధరించి, ఆ పిమ్మట గాలి ఆడించి, టెలివిజను చూచుచునో మాటలాడుచునో అరగంట కూర్చుండవలెను. తరువాత మధ్యాహ్నపు కునుకులో ధరించి, ఆ మీదట రాత్రి ధరింపవలెను. ఊపిరాడనట్లు భయము కలిగినచో ఒక మెట్టు వెనుకకు పోయి మరల ఆరంభింపవలెను. నిద్రపట్టువరకు తక్కువ ఒత్తిడితో ఆరంభించి క్రమముగ పెంచు ఏర్పాటు పెక్కు యంత్రములలో నున్నది. దానిని వాడుకొనవలెను. నడిరేయి తెలియక మాస్కును తీసివేసిన దిగులు పడక, మెలకువ రాగానే మరల పెట్టుకొనవలెను.

నోరు ఎండుచున్నచో గాలికి తేమనిచ్చు నీటిపాత్రను వాడవలెను. నోరు తెరచి నిద్రించువారికి గడ్డపుపట్టీ గాని, నోటిని కూడ కప్పు మాస్కు గాని తగును. ముక్కు దిబ్బడ, కడుపుబ్బరము విడువక బాధించినచో వైద్యునికి చెప్పవలెను. చలికాలమున గొట్టములో నీటిబిందువులు చేరి గురగుర శబ్దము వచ్చిన, గొట్టమును దుప్పటిక్రింద ఉంచుడు. యంత్రము తలకంటె తక్కువ ఎత్తున నుండవలెను. మాస్కుమీది చిన్నరంధ్రములు విడిచిన గాలి వెలుపలికి పోవుటకు ఏర్పడినవి. శబ్దము వచ్చుచున్నదని వాటిని ఎన్నడును మూయరాదు.

మాస్కులో ముఖమునకు ఆను భాగమును ప్రతిదినము, గొట్టమును వారమున కొకసారి తేలికపాటి సబ్బునీటితో కడిగి నీడలో ఆరబెట్టవలెను. నీటిపాత్రలో డిస్టిల్డ్ వాటర్ పోసి, ప్రతిదినము మార్చవలెను. నూర్పిళ్ల కాలమున, మిరపకల్లముల కాలమున దుమ్ము హెచ్చుగా నుండును గనుక యంత్రపు ఫిల్టరును తరచుగ చూచుకొనవలెను. కరెంటు పోయి యంత్రము ఆగినచో మాస్కును తీసివేయవలెను. ఇన్వర్టరుపై నడుపునపుడు నీటిపాత్ర వేడిని ఆపిన విద్యుత్తు ఎక్కువసేపు వచ్చును.

రాత్రికి కనీసము 4 గంటలు ధరించుటను వైద్యులు ఒక కొలతగా చూతురు. కాని నిద్రించినంతసేపు ధరించుటయే మేలు. ధరించిన గంటలను పెక్కు యంత్రములు తామే నమోదు చేయును. ఆ లెక్కను వైద్యునికి చూపవలెను. బరువు తగ్గుట, ప్రక్కకు తిరిగి పరుండుట మేలు చేయును. కల్లు, సారా, నిద్రమాత్రలు గొంతును మరింత సడలించును. ఒంట్లో బాగున్నదని తోచినను వైద్యుని అడుగక యంత్రమును మానరాదు.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

మొదటిది, పరిహాసమును ఆపుట. మాస్కు ధరించి నిద్రించువానిని ఏనుగు తొండమని వెక్కిరించిన, అతడు దానిని విసర్జించును. కళ్లజోడు పెట్టుకొనువానిని మనము నవ్వుచున్నామా? ఇదియు అట్టిదే.

రెండవది, అనుమానము గలవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుట. గురకను చూచినవారే సరిగా చెప్పగలరు గనుక భార్యనో బిడ్డలనో వెంట పంపవలెను. 30 ఏండ్లు దాటినవారికి గ్రామమున రక్తపోటు పరీక్షలు జరుగునపుడు, మందులు వాడినను రక్తపోటు దిగనివారిని గురకను గురించి తప్పక అడుగునట్లు చూడవలెను.

మూడవది, వాహనములు నడుపువారి విషయము. ట్రాక్టరు, లారీ, పాఠశాల ఆటో నడుపువాడు పగలు కునుకుచున్నచో, అది అతని యొక్కని ప్రాణమునకే కాదు, మన బిడ్డలకును ముప్పు. అట్టివానిని మందలించుటకు ముందు పరీక్షకు పంపుడు. పరీక్ష ముగిసి, చికిత్స కుదురుకొనువరకు అతనిచే వాహనము నడిపింపవలదు.

నాలుగవది, యంత్రమును వాడువారి ఇండ్లను గుర్తించి, రాత్రివేళ మరమ్మతులకై కరెంటు ఆపవలసివచ్చిన ముందుగా తెలియజేయునట్లు లైన్‌మన్‌తో ఏర్పాటు చేయుట. ఐదవది, గ్రామసభలో ఒకమారు వైద్యునిచే ఈ విషయమును చెప్పించుట. యంత్రమునకు అలవాటుపడినవారు ఆ గ్రామమున నుండిన వారిచేతనే మాటలాడించుట మరింత మేలు. తోటివాని మాటపై నమ్మకము హెచ్చు.

ఈ వ్యాధి గల యింట నిద్రలేనివాడు రోగి యొక్కడే కాదు. ఊపిరి ఆగినపుడెల్ల ఉలికిపడి లేచి, అతని రొమ్ముపై చేయివేసి చూచుకొను ఇల్లాలికిని నిద్ర లేదు. కొన్ని వారములు ఓరిమితో అలవాటు చేసికొనిన యంత్రము ఆ యిద్దరికిని నిద్ర నిచ్చును. మీ గ్రామమున ఏ యింటి అటకమీదనైన అట్టి యంత్రము దుమ్ముపట్టి యున్నదేమో నేడే విచారింపుడు. దానిని దింపించి, ఆ రోగిని మరల వైద్యుని యొద్దకు పంపుడు.