సైన్యం వదిలిపోయిన గొంతు

రేడియో సిలోన్ అనగానే మనవాళ్లకు సినిమా పాటలు గుర్తొస్తాయి గానీ, దాని బలం మాత్రం సైన్యం పెట్టిన భిక్ష. ఆగ్నేయాసియాలో మిత్రరాజ్యాల సేనలకు అధిపతిగా వచ్చిన మౌంట్‌బాటెన్ 1944లో తన ప్రధాన కార్యాలయాన్ని ఢిల్లీ నుంచి సిలోన్‌లోని క్యాండీకి మార్చాడు. ఆ సౌత్ ఈస్ట్ ఏషియా కమాండ్ పొడి అక్షరాలనే పేరుగా పెట్టుకుని కొలంబోలో రేడియో సీయాక్ వెలసింది. బర్మా అడవుల్లో పోరాడుతున్న పద్నాలుగో సైన్యం, స్వదేశం తమను మరిచిపోయిందని కుమిలిపోతున్న రోజులవి. ఆ దిగులు పోగొట్టడానికి ఇంటి కబుర్లు, పాటలు, హాస్యం అవసరమయ్యాయి.

విచిత్రమేమంటే, కొలంబోకు దగ్గర్లోని ఎకలలో వంద కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ పని మొదలుపెట్టేసరికి యుద్ధమే ముగిసింది. అది దండగ ఖర్చేనని తేల్చేయడం తొందరపాటు. యుద్ధం ముగిసినా సైనికులు వెంటనే ఇళ్లకు చేరలేదు. ఇళ్లకు పంపడంలో ఆలస్యాన్ని సహించలేక రాయల్ ఎయిర్‌ఫోర్స్ సిబ్బంది 1946 జనవరిలో కరాచీలో మొదలుపెట్టిన సమ్మె సిలోన్ దాకా పాకింది. తుపాకీ పట్టినప్పటి కంటే, పనీపాటా లేక ఓడ కోసం కాచుకున్నప్పుడే సైనికుడి మనసు ఎక్కువ చెదురుతుంది. తర్వాత బీబీసీలో పేరు తెచ్చుకున్న డేవిడ్ జేకబ్స్, డెస్మండ్ కారింగ్టన్ అలాంటివారి కోసం రేడియో సీయాక్‌లో మాట్లాడినవాళ్లే.

షార్ట్‌వేవ్ తరంగం ఆకాశపు పైపొరలకు తగిలి, వందల మైళ్ల అవతల నేలకు దిగుతుంది. దిగిన చోట ఎవరి రేడియో ఉన్నా పలుకుతుంది. యూనిఫాం ఉందా లేదా అని చూడదు. చెల్లాచెదురుగా ఉన్న దళాల కోసం ఎంచుకున్న ఈ శక్తి, సిలోన్‌కు స్వాతంత్ర్యం వచ్చాక అక్కడి ప్రభుత్వం చేతికి దక్కింది. 1950లో రేడియో సిలోన్ వ్యాపార ప్రసారాలు మొదలయ్యాయి. రేడియో సిలోన్‌ను నిలబెట్టింది ట్రాన్స్‌మిటర్ కాదు, 1952లో భారత సమాచార శాఖ మంత్రి అయిన కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకు తలుపు మూయడమేనని కొందరంటారు. అందులో నిజం లేకపోలేదు, ఆకలి పుట్టించింది ఆయనే. కానీ బినాకా గీత్‌మాలా లాంటి హిందీ సినిమా పాటల కార్యక్రమాలను బొంబాయిలో రికార్డు చేసి, టేపులను విమానంలో కొలంబోకు పంపేవారు. ప్రకటనదారులు అంత శ్రమ పడింది ఆ స్టేషన్ భారతదేశమంతటా వినిపిస్తుందనే. ఓ చిన్న ద్వీపం తన సొంత అవసరానికి అంత పెద్ద యంత్రాన్ని కొనుక్కునేదా అన్నది అనుమానమే. 1957లో వివిధ భారతి వచ్చి పాటలకు మళ్లీ చోటిచ్చింది. అయినా తెలుగు శ్రోతలు సిలోన్‌ను వెంటనే వదల్లేదు. మీనాక్షి పొన్నుదురై తెలుగు వ్యాఖ్యానంతో పాటలు అక్కడి నుంచి వస్తూనే ఉన్నాయి.