సుత్తి పక్కన పెట్టండి... ఆ రెండు కన్నాలు చూడండి!

అరకు నుంచి దిగుతున్నాం. అనంతగిరి దాటాక ఘాట్ రోడ్డు ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, మలుపు తిరిగితే ఎదురుగా ఆర్టీసీ బస్సు. బ్రేక్ మీద కాలు వేశాను. స్టీరింగ్ గడగడా వణికింది. అరికాలి కింద పెడల్ కూడా టకటకా కొట్టుకుంటోంది. కాలు తీస్తే మామూలే. మళ్లీ వేస్తే మళ్లీ అదే.

పక్క సీట్లో ఉన్న నాన్న నా వైపు వింతగా చూశారు.

“నీక్కూడా అలాగే అవుతోందా?” అన్నారు.

ఆ ‘నీక్కూడా’ అనే మాట నాకు అర్థం కావడానికి రెండు మలుపులు పట్టింది. ఏడాది కింద నాన్న కారు తాళాలు నా చేతిలో పెట్టి, “ఇక నువ్వే నడుపుకో అమ్మా, నాకు కాలు పట్టడం లేదు” అన్నారు. మోకాళ్ల నొప్పులు కదా, వయసు కదా అని ఇంట్లో అందరం సరిపెట్టుకున్నాం. అసలు సంగతేంటంటే, బ్రేక్ వేసినప్పుడల్లా పెడల్ వణుకుతుంటే ఆయన తన కాలే వణుకుతోందనుకున్నారట! ఎవరికీ చెప్పకుండా డ్రైవింగ్ మానేశారు.

మా కారు 2008 స్విఫ్ట్, పెట్రోల్. ఉండేది విశాఖలో, లాసన్స్ బే కాలనీలో. సముద్రం నడిచి వెళ్లేంత దూరం. ‘మీకేం, మంచి గాలి’ అంటారు చుట్టాలు. ఆ గాలిలో ఎంత ఉప్పుందో మా గేటుకు, కిటికీ ఊచలకు, కారుకు తెలుసు.

వణుకు ఎక్కడిది?

ముందు చక్రం వెనక మెరుస్తూ కనిపించే గుండ్రటి పళ్లెమే బ్రేక్ డిస్క్. కొత్తది కొంటే పెట్టె మీద రోటర్ అని ఉంటుంది, రెండూ ఒకటే. చక్రంతో పాటు అది తిరుగుతుంటే, కాలిపర్ అనే పట్టకారు రెండు వైపుల నుంచి ప్యాడ్లతో నొక్కి ఆపుతుంది. మా కారుకు మూడేళ్ల కిందే ఓ షెడ్డులో ముందు డిస్కులు కొత్తవి వేయించాం. కొన్నాళ్లు వెన్నలా నడిచింది. ఇప్పుడు మళ్లీ తీసుకెళ్తే, “బెండ్ అయిపోయాయి మేడమ్, మార్చేయాలి” అన్నారు. మూడేళ్లకే బెండా?

ఆ రాత్రి కూర్చుని చదివితే తెలిసిందేమిటంటే, చాలాసార్లు డిస్క్ వంగదు. దాని మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. ఎందుకంటే డిస్క్ వెళ్లి కూర్చునే హబ్ మీద తుప్పు పొర ఉంటే, కొత్త డిస్క్ సమంగా ఆనదు, కాస్త ఒరుగుతుంది. ఆ ఒరుగు చాలా కార్లలో 0.1 మిల్లీమీటరు మించకూడదు. మన తల వెంట్రుక మందం సుమారు 0.07. అంటే వెంట్రుక కంటే కొంచెం మందంగా తుప్పు ముక్క అడ్డం పడితే చాలు. బ్రేక్ వేయకపోయినా డిస్క్ ప్రతి చుట్టులోనూ ఒకేచోట ప్యాడ్‌కు రాసుకుంటుంది. వేల కిలోమీటర్లు తిరిగేసరికి అక్కడ అరిగి, వణుకు మొదలవుతుంది. వేయించిన రోజు బాగానే ఉంటుంది కాబట్టి హబ్ తుడవనివాళ్ల మీద ఎవరికీ అనుమానం రాదు!

అంటే డిస్కులు మళ్లీ మార్చినా లాభం లేదు, కింద హబ్ శుభ్రం చేయకపోతే. చేశారో లేదో దగ్గరుండి చూడాలి. లేదా నేనే చేసుకోవాలి.

శనివారం సుత్తి పూజ

ఇల్లు సమతలం కాబట్టి కారు అక్కడే. గేరులో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టాను. నట్లు కాస్త వదులు చేశాకే జాకీ ఎత్తాను. ఒక్క మాట గట్టిగా చెప్పాలి: కారుతో వచ్చే జాకీ ఎత్తడానికే, దాన్ని నమ్మి పని చేయడానికి కాదు. కింద ఇనప స్టాండు పెట్టాల్సిందే. ఇటుకల దొంతర స్టాండు కాదు, అవి చెప్పకుండా పగులుతాయి.

చక్రం వచ్చింది. వెనక వైపు రెండు పెద్ద బోల్టులు విప్పితే కాలిపర్ బ్రాకెట్‌తో సహా వచ్చింది. దాన్ని గొట్టం మీద వేలాడదీయకుండా తీగతో స్ప్రింగ్‌కు కట్టాను. ఇక మిగిలింది డిస్క్. పట్టుకుని లాగితే వచ్చేయాలి. దాన్ని పట్టి ఉంచే బోల్టు అంటూ ఇప్పుడు ఏదీ లేదు.

రాలేదు.

డబ్ల్యూడీ-40 కొట్టాను. (1953లో అమెరికాలో రాకెట్ల పైపొరకు తుప్పు పట్టకుండా ఉండటానికి చేసిన ద్రవం అది. నీటిని తోసేసే ఫార్ములా నలభయ్యో ప్రయత్నంలో కుదిరిందట, అందుకే ఆ పేరు.) అరగంట ఆగాను. లాగాను. కాలితో తన్నాను. తర్వాత వెనక నుంచి సుత్తితో మొదలుపెట్టాను. ఠంగ్... ఠంగ్... ఠంగ్... వీధి కుక్కలు కూడా లేచి వెళ్లిపోయాయి. గంట గడిచినా డిస్క్ వెంట్రుకవాసి కదల్లేదు. నా భుజం కదిలింది.

“ఏటమ్మా, పొద్దున్నే గుళ్లో గంటలేటి?”

పక్కింటి తాతగారు. షిప్‌యార్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. లుంగీ, భుజం మీద తువ్వాలు, చేతిలో పేపరు. వంగి చూసి, నా చేతిలోంచి సుత్తి తీసుకుని గోడ పక్కన పెట్టేశారు.

“నువ్వు కొట్టే దెబ్బ డిస్కుకి తగల్దు. లోపల బేరింగుకి తగుల్తాది. అందులో గుండ్లు ఒక్కో దెబ్బకీ గాడి మీద నొక్కు పెడతాయి. రేపట్నుంచి చక్రం తిరిగితే మూలుగుతాది.”

“మరి ఎలా తాతగారూ? పట్టేసింది కదా.”

“పట్టింది తుప్పు. అది ఇనుము కంటే ఎక్కువ చోటు తింటాది. సందులో పెరిగి బిగుసుకుంటాది. దాన్ని బెదిరిస్తే వొదల్దు. నెట్టాల. కంపెనీ వోడు ఆ ఏర్పాటు చేసే ఇచ్చాడు. ఆ రెండు కన్నాలు ఎందుకున్నాయనుకున్నావు?”

చూశాను. నట్లు బిగించే స్టడ్ల మధ్యలో, ఎదురెదురుగా, తుప్పుతో పూడిపోయిన రెండు చిన్న కన్నాలు. ఏదో స్క్రూలు ఊడిపోయాయేమో అనుకుని గంటసేపు వాటి పక్కనే బాదాను!

మర చేసే పని

అవి ఎం8 బోల్టు పట్టే త్రెడ్ ఉన్న కన్నాలు. వాటిలో బోల్టు బిగిస్తే దాని కొన వెనకున్న హబ్ ముఖానికి ఆనుతుంది. ఇంకా తిప్పితే బోల్టుకు ముందుకు పోయే దారి లేదు కాబట్టి డిస్కే వెనక్కి, అంటే మన వైపుకు రావాలి. మారుతి సుజుకీ కార్లలో చాలావాటికి ముందు డిస్కులకీ, వెనక డ్రమ్ములకీ ఈ ఏర్పాటు ఉంటుంది.

తాతగారు ఇంట్లోంచి పాత డాల్డా డబ్బా తెచ్చారు. నిండా బోల్టులే. రెండు ఎం8 ఏరి, త్రెడ్ 1.25 అవునో కాదో ఇంకో నట్టు వేసి సరిచూశారు. పొడవు 40 మిల్లీమీటర్లు, మొత్తం త్రెడ్ ఉన్నవి. సన్న తీగతో కన్నాల్లో తుప్పు గీకించి, చుక్క నూనె వేయించి, బోల్టుల్ని ముందు చేత్తోనే తిప్పమన్నారు. చేత్తో మొదలవకపోతే పానా పెట్టొద్దు, త్రెడ్ పాడైతే ఉన్న దారి కూడా పోతుంది.

తర్వాత రాచెట్. ఒక బోల్టు పావు చుట్టు, రెండోది పావు చుట్టు. ఎం8 బోల్టు పూర్తి చుట్టు తిరిగితే 1.25 మిల్లీమీటర్లు కదులుతుంది. పావు చుట్టుకు 0.3 మాత్రమే. అంత నెమ్మదిగా ఎందుకంటే, ఒక్కదాన్నే బిగిస్తే డిస్క్ వంకరగా ఇరుక్కుంటుంది. బలం సంగతి చూస్తే నాకు నవ్వొచ్చింది. 20 సెంటీమీటర్ల రాచెట్ చివర ఏడెనిమిది కిలోల బలం పెట్టి తిప్పితే, బోల్టు కొన దగ్గర అది లెక్క ప్రకారం సుమారు 900 కిలోల తోపుగా మారుతుంది. రాపిడికి కొంత పోయినా రెండు బోల్టులు కలిస్తే టన్ను దాటుతుంది. గంటసేపు సుత్తి ఊపిన నేనెక్కడ!

మూడోసారికి బోల్టులు బాగా బిగుసుకున్నాయి. ఇంకా తిప్పబోతే తాతగారు చెయ్యి పట్టుకున్నారు. “ఆగమ్మా. బలం అక్కడుంది. దాని పని దాన్ని చేసుకోనీ.” టీ తాగొచ్చాం. వచ్చాక స్టడ్ల మధ్య చిన్న చెక్కముక్క పెట్టి తేలిగ్గా ఒక్కసారి తట్టారు.

టప్!

ఎండిన కొబ్బరిచిప్ప విరిగినట్టు శబ్దం. మధ్య అంచు చుట్టూ ఎర్రటి పొడి రాలింది. డిస్క్ నా చేతిలోకి వచ్చేసింది. దాని వెనక, హబ్ ముఖం మీద, పొలుసులు పొలుసులుగా పాత తుప్పు. మూడేళ్ల కింద ఎవరూ దాని మీద వైర్ బ్రష్ పెట్టలేదు.

మీ కారుకు ఈ కన్నాలు లేకపోతే? కొన్ని కార్లలో, ముఖ్యంగా హోండాల్లో, డిస్క్‌ను పట్టి ఉంచే రెండు స్క్రూలు ఉంటాయి. ముందు అవి తీయాలి. మామూలు స్క్రూడ్రైవర్‌తో తల అరిగిపోతుంది, ఇంపాక్ట్ డ్రైవర్ కావాలి. స్క్రూలూ లేవు, కన్నాలూ లేవంటే, కాలిపర్ బ్రాకెట్ బిగించే కన్నంలోంచి పొడవాటి బోల్టు, నట్టు పెట్టి డిస్క్‌ను వెనక నుంచి నెమ్మదిగా నెట్టొచ్చు. కొంచెం నెట్టడం, డిస్క్ తిప్పడం, మళ్లీ నెట్టడం. ఇక కొన్ని పాత కార్లలో డిస్క్ హబ్‌ వెనక బోల్టులతో బిగించి ఉంటుంది, అది ఇంటి దగ్గర తేలే పని కాదు. గ్యాస్ మంటతో కాల్చే షెడ్లూ ఉన్నాయి. బేరింగ్‌లో గ్రీజు కరిగిపోతుంది, నూనె కొట్టిన చోట నిప్పు కూడా అంటుకుంటుంది. వద్దు.

అసలు పని ఇప్పుడే

డిస్క్ ఊడగానే పని అయిపోయినట్టు అనిపిస్తుంది. తాతగారు మాత్రం హబ్ మీద నన్ను ముప్పావుగంట కూర్చోబెట్టారు. వైర్ బ్రష్, తర్వాత గరుకు కాగితం, స్టడ్ల మొదళ్ల చుట్టూ పాత టూత్‌బ్రష్. వేలితో తడిమి, “ఇక్కడ ఇంకా ఉంది” అనడం. బ్రేక్ పొడిని నోటితో ఊదబోతే తిట్టారు కూడా. అది ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, తడిగుడ్డతో తుడవాలి. చివర్లో మధ్య అంచుకు మాత్రం పల్చగా, కనీకనిపించకుండా, వేడికి ఆగే గ్రీజు రాశారు. ఈసారి తీసేవాళ్లకు సుత్తి అక్కర్లేకుండా.

కొత్త డిస్క్‌కు తుప్పు పట్టకుండా కంపెనీ నూనె రాసి పంపుతుంది. బ్రేక్ క్లీనర్‌తో దాన్ని పూర్తిగా తుడిచాకే వేయాలి. డిస్కులు రెండు వైపులా, ప్యాడ్లతో సహా మార్చాం. చక్రం నట్లు ఎదురెదురుగా, మా మాన్యువల్ చెప్పినట్టు 85 న్యూటన్ మీటర్లకు బిగించాం. టార్క్ రెంచ్ అద్దెకు తెచ్చాను. గన్‌తో ఇష్టమొచ్చినట్టు బిగించినా డిస్క్ ఒరుగుతుంది మరి. కారు కదిపేముందు పెడల్ గట్టిపడేదాకా నొక్కి నొక్కి వదలాలి. ఇది మర్చిపోతే మొదటి బ్రేక్‌కి కాలు నేలదాకా పోతుంది, కారు ఆగదు! బ్రేక్ పని మొదటిసారి చేస్తుంటే తెలిసినవాళ్లు ఒకరు పక్కన ఉండాల్సిందే. నేను బిగించిన ప్రతి బోల్టునూ తాతగారు మళ్లీ చూశారు.

కుడి చక్రానికి సుత్తి ముట్టుకోలేదు. పావుగంటలో డిస్క్ వచ్చింది.

ఎడమ చక్రం మాత్రం నెల తిరిగేసరికి 50 స్పీడు దాటితే ‘ఊఁ...’ అని మూలగడం మొదలుపెట్టింది. బేరింగ్ ప్రెస్ మీద మార్పించాల్సి వచ్చింది. అన్నేళ్ల బేరింగ్, దానంతటదే పోయిందేమో అని నాకు నేను చెప్పుకుంటాను. కానీ కుడివైపుది అంతే పాతది, ఇప్పటికీ కిక్కురుమనలేదు.

పోయిన నెల మళ్లీ అరకు వెళ్లాం. దిగేటప్పుడు అనంతగిరి దగ్గర రెండో గేరులో పెట్టి, మలుపుకు ముందు బ్రేక్ నొక్కాను. స్టీరింగ్ నిశ్శబ్దంగా ఉంది. నాన్న కుడికాలు నేల మీద నొక్కి పెట్టి ఉంచారు, ఎప్పటిలాగే. టైడా దాటాక చూస్తే ఆ కాలు మామూలుగా ఉంది. ఎస్.కోటలో టీకి ఆగాం. గ్లాసు బల్ల మీద పెట్టి, మూతి తుడుచుకుని, నా వైపు చెయ్యి చాచారు.

“తాళాలు ఇలా ఇయ్యి.”