ఎందరో కాటన్‌లు!

'కాటన్' అన్న మాట వినగానే మీకు ఏం గుర్తుకొస్తుంది? బట్టల కొట్లో అమ్మ బేరమాడే కాటన్ చీరా? లేక ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డంగా ఉన్న కాటన్ బ్యారేజియా? మీది రాజమండ్రి వైపో, కోనసీమో, తణుకు, భీమవరం ప్రాంతమో అయితే రెండూ గుర్తుకు రావచ్చు. అక్కడ ఎన్నో ఊళ్ళలో గుర్రం మీద కూర్చున్న ఒక దొర విగ్రహం కనిపిస్తుంది. ఆయనే సర్ ఆర్థర్ కాటన్.

సరే, ఇప్పుడొక చిన్న ప్రశ్న. బెంగళూరులో బిషప్ కాటన్ పాఠశాల ఉంది. అస్సాంలోని గౌహతిలో కాటన్ విశ్వవిద్యాలయం ఉంది. ముంబైలో కాటన్ గ్రీన్ అనే రైల్వే స్టేషను ఉంది. భౌతిక శాస్త్రంలో 'కాటన్ ఫలితం' అనేది ఒకటుంది. ఇవన్నీ మన గోదావరి కాటన్ పేరుమీద వెలిసినవేనా?

ఒక్కటి కూడా కాదు! మరి ఇందరు కాటన్‌లు ఎక్కడినుంచి వచ్చారు? ఒకరికొకరు బంధువులా? ఎవరు ఎవరో మనం తేల్చుకోవడం ఎలా? రండి, చూద్దాం.

ముందుగా మన కాటన్

ఆర్థర్ కాటన్ 1803 మే 15న పుట్టారు. 1821లో, అంటే పద్ధెనిమిదేళ్ళ వయసులో, ఇంజనీరుగా మద్రాసు వచ్చారు. తంజావూరు ప్రాంతంలో కావేరి నీటిని పొలాలకు మళ్ళించే పని ఆయనకు అప్పగించారు. 1836లో అక్కడ ఆనకట్టలు కట్టించారు.

తరువాత ఆయన దృష్టి గోదావరి మీద పడింది. ఆ రోజుల్లో గోదావరి జిల్లాల పరిస్థితి వింతగా ఉండేది. పక్కనే మహానది పారుతున్నా పొలాలు ఎండిపోయేవి. 1833 ప్రాంతంలో ఘోరమైన కరువు వచ్చింది. 1839లో తుఫానుతో పాటు సముద్రపు ఉప్పెన కోరంగి తీరాన్ని ముంచింది. నీరు లేక కొందరు, నీరు ఎక్కువై కొందరు నశించారు. గోదావరికి ఆనకట్ట కడితే ఈ నేల అన్నపూర్ణ అవుతుందని కాటన్ ప్రభుత్వానికి నివేదిక పంపారు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది.

ధవళేశ్వరం దగ్గర గోదావరి లంకల మధ్య పాయలుగా చీలి ఉంటుంది. అందువల్ల ఆనకట్టను ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టారు. అన్నీ కలిపితే పొడవు సుమారు మూడున్నర కిలోమీటర్లు. దాదాపు 10 లక్షల ఎకరాలకు నీరు అందించే కాలువలకు ఇదే మూలం. ఆ పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి కొత్త బ్యారేజి పూర్తయింది. దానికి సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టారు. ఆయన 1899 జూలై 24న, తొంభై ఆరేళ్ళ వయసులో ఇంగ్లండులో కన్నుమూశారు.

ఈ తేదీలను కాస్త గుర్తు పెట్టుకోండి. ముందు ముందు మనకు పనికొస్తాయి.

పత్తికీ ఈ పేరుకూ చుట్టరికం ఉందా?

ఇంగ్లీషులో కాటన్ అంటే పత్తి. కాబట్టి ఆర్థర్ కాటన్ తాతముత్తాతలు పత్తి వ్యాపారం చేసి ఉంటారని మీరు అనుకుంటున్నారా? అలా అనుకుంటే పొరపాటే!

పత్తికి పేరైన కాటన్ అనే మాట ఇంగ్లీషువాళ్ళ సొంతం కాదు. అరబ్బీ భాషలో పత్తిని 'కుత్న్' అంటారు. ఆ మాట వర్తకుల వెంట ఐరోపా చేరి, అక్కడి భాషలలో మారుతూ మారుతూ 'కాటన్' అయింది.

ఇంటిపేరైన కాటన్ సంగతి వేరు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో 'కాట్' అంటే గుడిసె. ఇప్పటి 'కాటేజి' అన్న మాటలో ఉన్నది ఆ కాట్ అనే మాటే. 'కాటుమ్' అంటే 'గుడిసెల దగ్గర' అని అర్థం. నాలుగు గుడిసెలున్న చోటును జనం అలాగే పిలిచేవారు. కాలక్రమాన అది కాటన్ అనీ, కోటన్ అనీ ఊరి పేరుగా స్థిరపడింది. ఇంగ్లండులో ఇలాంటి ఊళ్ళు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. సఫోక్ జిల్లాలో ఒక కాటన్ ఉంది. స్టాఫర్డ్‌షైర్‌లో ఇంకో కాటన్ ఉంది. కేంబ్రిడ్జి పక్కన కోటన్ ఉంది.

ఆ ఊళ్ళ నుంచి ఎవరైనా వేరే ఊరికి వలస వెళితే, అక్కడి వాళ్ళు 'కాటన్ ఊరివాడు' అనేవారు. అదే ఇంటిపేరు అయిపోయింది. ఊళ్ళే అనేకం ఉన్నప్పుడు, ఆ పేరుగల కుటుంబాలు కూడా అనేకం ఉంటాయి కదా! ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన అందరిదీ ఒకే వంశం కాదు.

మన ఇంటిపేర్లూ అంతే

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. మన తెలుగు ఇంటిపేర్లలో చాలా భాగం ఊరి పేర్లే. 'ఊరు' అన్న మాట 'ఊరి చెరువు' అనేటప్పుడు 'ఊరి' అవుతుంది చూశారా? అలాగే కందుకూరు అనే ఊరి పేరు ఇంటిపేరుగా మారేటప్పుడు 'కందుకూరి' అవుతుంది.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు మీకు తెలుసు. ఆయన 1848లో రాజమండ్రిలో పుట్టారు. అప్పటికి ధవళేశ్వరంలో ఆనకట్ట పని సాగుతూనే ఉంది. ఆయనకు దాదాపు మూడు వందల ఏళ్ళ ముందు, 16వ శతాబ్దంలో, కందుకూరి రుద్రకవి అనే కవి ఉండేవాడు. 'సుగ్రీవ విజయము' అనే యక్షగానం రాసింది ఆయనే. ఇద్దరిదీ కందుకూరే. కాని ఇంటిపేరు ఒకటే కదా అని ఇద్దరినీ ఒక కుటుంబంలో కట్టేయకూడదు. కాటన్‌ల విషయంలో కూడా ఈ జాగ్రత్త అవసరం.

మన దేశానికి వచ్చిన కాటన్‌లు

ఆర్థర్ కాటన్ తండ్రికి పదకొండుగురు కొడుకులు. ఆర్థర్ వారిలో పదవవాడు. అన్న సిడ్నీ కాటన్ సైన్యంలో అధికారి. 1857 నాటి తిరుగుబాటు సమయంలో పెషావరులో ఉన్నాడు. తమ్ముడు ఫ్రెడరిక్ కూడా అన్నలాగే మద్రాసు ఇంజనీర్ల దళంలో పనిచేశాడు. వీళ్ళు నిజంగా ఒక ఇంటివాళ్ళే.

బెంగళూరు పాఠశాలకు పేరిచ్చింది మాత్రం జార్జి ఎడ్వర్డ్ లించ్ కాటన్. ఈయన ఇంజనీరు కాడు, కలకత్తా బిషప్పు. 1866లో కుష్టియా దగ్గర పడవ ఎక్కబోతూ పలక మీద నుంచి జారి గోరాయి నదిలో పడి మరణించాడు. కుష్టియా ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. సిమ్లాలోనూ ఈయన పేరుతో ఒక పాఠశాల ఉంది. బెంగళూరులోనే కాటన్‌పేట అనే పేట కూడా ఉందండోయ్! అది ఏ దొర పేరూ కాదు. అక్కడి పేరు పత్తి వ్యాపారం వల్ల వచ్చింది. ముంబైలోని కాటన్ గ్రీన్ కూడా పత్తి బజారు పేరే. చూశారా, ఒకే నగరంలో ఒక కాటన్ మనిషి, ఇంకో కాటన్ పత్తి!

గౌహతి కథ ఇంకా చిత్రమైనది. అక్కడి కాటన్ కళాశాల 1901లో మొదలైంది. 2017లో కాటన్ విశ్వవిద్యాలయం అయింది. ఆ పేరు అస్సాం చీఫ్ కమిషనరుగా పనిచేసిన సర్ హెన్రీ కాటన్‌ది. భారతీయుల కోరికలు న్యాయమైనవని వాదించిన ఈయన 1904లో భారత జాతీయ కాంగ్రెసుకు అధ్యక్షుడయ్యాడు. ఈయన 1845లో ఎక్కడ పుట్టాడో తెలుసా? కుంభకోణంలో! అంటే ఆర్థర్ కాటన్ ఆనకట్టలు కట్టించిన కావేరి డెల్టాలోనే. ఇది చూసి ఎవరైనా 'ఓహో, ఆయన కొడుకే' అనేయగలరు. కాని హెన్రీ వంశం వేరు. ఆయన ముత్తాత జోసెఫ్ కాటన్ ఓడ కెప్టెనుగా ఉండి, తరువాత ఈస్టిండియా కంపెనీ డైరెక్టరు అయ్యాడు.

ప్రయోగశాలల్లో కాటన్‌లు

ఇక 'కాటన్ ఫలితం' సంగతి. ఎమే కాటన్ ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త. 1869లో పుట్టాడు. ఇంగ్లీషు అక్షరాలు అవే అయినా ఫ్రెంచివాళ్ళు ఈ పేరును 'కొతోఁ' అన్నట్టు పలుకుతారు. కాంతి కిరణాన్ని మరమేకులా మెలి తిరుగుతూ సాగేలా చేయవచ్చు. ఆ మెలిక కుడివైపుకైనా ఉండవచ్చు, ఎడమవైపుకైనా ఉండవచ్చు. కొన్ని ద్రావణాలు ఒక రకం మెలికను ఎక్కువగా, రెండో రకాన్ని తక్కువగా పీల్చుకుంటాయని ఆయన 1895లో కనిపెట్టాడు. మన శరీరంలోని ప్రోటీన్ల అణువులు ఏ ఆకారంలో చుట్టుకొని ఉన్నాయో తెలుసుకోవడానికి ఈ సూత్రం ఇప్పుడు ఉపయోగపడుతోంది.

1907లో ఎమే కాటన్, ఆన్రీ మూతోఁ అనే మిత్రుడితో కలిసి ఇంకో సంగతి కనిపెట్టాడు. కొన్ని ద్రవాల మీద బలమైన అయస్కాంతం ప్రభావం పడితే, వాటిలో కాంతి నడక మారుతుందన్నదే అది. దాని పేరు 'కాటన్–మూటన్ ఫలితం'. ఫ్రెంచిలో 'మూతోఁ' అంటే గొర్రె. మనం వాడే 'మటన్' అనే మాటకు మూలం అదే. పత్తి, గొర్రె కలిసి అయస్కాంతం పాఠం చెప్పినట్టుంది కదూ!

అమెరికాలో ఆల్బర్ట్ కాటన్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. రెండు పరమాణువుల మధ్య మూడు బంధాలు ఉంటాయని మీరు పై తరగతుల్లో చదువుతారు. నైట్రోజన్ అణువు అందుకు ఉదాహరణ. ఈయన 1964లో రెండు రీనియం పరమాణువుల మధ్య నాలుగు బంధాలు ఉన్నాయని చూపించాడు.

ఆస్ట్రేలియా వాళ్ళు ఇద్దరున్నారు. విమానం హఠాత్తుగా మలుపు తిరిగితే, నడిపేవాడి తలలోని రక్తం కాళ్ళలోకి దిగిపోయి స్పృహ తప్పుతుంది. అలా కాకుండా కాళ్ళనూ పొట్టనూ నొక్కి పట్టే దుస్తులు తయారు చేసినవాడు ఫ్రాంక్ కాటన్. అంతకుముందే, 1917లో, ఆకాశంలో చలి తట్టుకునే దుస్తులు రూపొందించినవాడు సిడ్నీ కాటన్. ఇద్దరూ ఆస్ట్రేలియా వాళ్ళే, ఇద్దరూ వైమానికుల బట్టలే చేశారు. అయినా వాళ్ళు అన్నదమ్ములు కారు!

మరి తేల్చడం ఎలా?

పెషావరులో ఒక సిడ్నీ కాటన్, విమానాల్లో ఒక సిడ్నీ కాటన్ కనబడ్డారు. హెన్రీ కాటన్‌లైతే ముగ్గురు. ఒకరు ఆర్థర్ తండ్రి, ఒకరు గౌహతి హెన్రీ, ఇంకొకరు 1934, 1937, 1948లలో బ్రిటిష్ ఓపెన్ గెలిచిన గోల్ఫ్ ఆటగాడు. అంటే ఇంటిపేరూ సొంత పేరూ రెండూ కలిసినా చాలదన్నమాట.

అందుకే శాస్త్రవేత్తలూ చరిత్రకారులూ నాలుగు ప్రశ్నలు వేసుకుంటారు. ఎప్పుడు? ఎక్కడ? ఏ పని? ఎవరి సంతానం? ఈ నాలుగింటికీ జవాబులు కుదిరితేనే మనిషి ఆయనే అని ఒప్పుకుంటారు. ఒక్కటి కుదరకపోయినా మళ్ళీ వెతుకుతారు.

మీరూ ప్రయత్నించండి. "ఆర్థర్ కాటన్ 1901లో గౌహతిలో కళాశాల పెట్టాడు" అని ఎవరైనా అంటే ఏం చెబుతారు? ఆయన 1899లోనే పోయారు కదా! మిమ్మల్ని గుర్తు పెట్టుకోమన్న తేదీ ఇక్కడ పనికొచ్చింది. ఒకరి పని మరొకరి ఖాతాలో పడితే ఇద్దరికీ అన్యాయమే.

పేరు మిగలనివాళ్ళు

ఒకే పేరుతో ఇందరు ఉన్నారు, బాగానే ఉంది. అసలు పేరే మిగలని వాళ్ళ మాటేమిటి? ఇసుకలో పునాది నిలబెట్టడం ఎలాగో కాటన్ నేర్చుకున్నది కావేరి మీద చోళుల కాలంలో కట్టిన కల్లణై ఆనకట్టను చూసి. దానిని కట్టిన పనివాళ్ళ పేర్లు మనకు లేవు. ధవళేశ్వరంలో ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ వేలాది కూలీలు, రాతిపనివాళ్ళు, వడ్రంగులు, కమ్మరులు శ్రమించారు. కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న వంటి ఒకరిద్దరి పేర్లు నిలిచాయి. మిగతావారి పేర్లు విగ్రహాల కింద లేవు. కాని గోదావరి డెల్టాలో పండే ప్రతి గింజలోనూ వాళ్ళ చెమట ఉంది.

అందుకని మీకొక పని. ఈ సెలవుల్లో మీ తాతగారినో అమ్మమ్మనో అడిగి, మీ ఇంటిపేరు ఏ ఊరి నుంచి, లేక ఏ వృత్తి నుంచి వచ్చిందో రాసుకోండి. మీ తాతముత్తాతల పేర్లు ఎంత వెనక్కు తెలిస్తే అంత వెనక్కు రాయండి. పక్కన వాళ్ళ ఊరు, చేసిన పని, తెలిస్తే సంవత్సరం కూడా వేయండి. మీ తరగతిలో మీ ఇంటిపేరే ఉన్న స్నేహితుడు ఎవరైనా ఉంటే, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరూ చుట్టాలు అవుతారో కాదో మీకే తెలుస్తుంది!