చికిత్స ముగిశాక ఇల్లు, పిల్లల చదువు

కాన్సరు పేరెత్తగానే మనవాళ్ళు ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. ఆడపిల్ల పెళ్ళికి అడ్డవుతుందేమోనని కొందరు, ఉద్యోగానికి ముప్పని కొందరు ఆ మాటను గడప దాటనివ్వరు. వైద్యం మాత్రం మునుపటికంటే చేరువైంది. మస్కట్ రాయల్ హాస్పిటల్లో 2004లో జాతీయ కాన్సరు కేంద్రం ఏర్పడింది. ఎన్.టి. రామారావుగారి సతీమణి పేర హైదరాబాదులో వెలసిన బసవతారకం ఆసుపత్రి 2000 నుంచి పనిచేస్తోంది.

మేము చెప్పదలచింది చికిత్స తరువాతి కాలం గురించి. కీమోథెరపీ నడిచినన్నాళ్ళూ ఇరుగుపొరుగువారు కారియర్లు పంపుతారు. "నయమైందట" అన్న కబురు రాగానే రాకపోకలు తగ్గిపోతాయి. నీరసం, నిద్రలేమి, జబ్బు తిరగబెడుతుందేమోనన్న భయం మనిషిని ఎక్కువగా పట్టుకునేది అప్పుడే. ఆ నీరసం నెలల తరబడి ఉండవచ్చు. అది బద్ధకం కాదు.

ఈ దిగులు పిల్లల పుస్తకాల దాకా వస్తుంది. డెన్మార్కు ప్రభుత్వ రికార్డుల ఆధారంగా 2018లో వెలువడిన ఒక పరిశీలనలో, తల్లికో తండ్రికో కాన్సరు వచ్చిన పిల్లల మార్కులు సగటున కొద్దిగా తగ్గినట్లు తేలింది. జబ్బు ముదిరిన ఇళ్ళలో తేడా ఎక్కువ.

ఇక్కడ మనకు అమ్మమ్మా, నాయనమ్మా పక్కన లేరు. తల్లి వైద్యానికి హైదరాబాదు వెళితే పిల్లవాడు పక్క ఫ్లాటులో ఉండాలి, లేదా ఏడాది మధ్యలో బడి మారి కొత్త సిలబస్ అందుకోవాలి. పెద్ద ఆడపిల్ల చదువు మాని వంటింట్లో నిలబడుతుంది. దీనికితోడు ఎవరూ ఏమీ చెప్పరు. చెప్పకపోయినా పిల్లలు పసిగడతారు. తమ అల్లరివల్లే అమ్మకు జబ్బు చేసిందనుకునే పసివాళ్ళూ ఉంటారు.

కనుక తల్లితండ్రులకు మా సలహా: జబ్బు పేరు చెప్పండి. అది అంటుకోదనీ, ఎవరి తప్పూ కాదనీ చెప్పండి. రేపు బడినుంచి ఎవరు తీసుకువస్తారో కూడా చెప్పండి. క్లాసు టీచరుకు విషయం తెలియజేయండి. పిల్లవాడు ఎందుకు పరధ్యానంగా ఉన్నాడో ఆమెకు అర్థమవుతుంది.

ఒమాన్ కాన్సర్ అసోసియేషన్‌ను 2000లో స్థాపించిన యూథర్ అల్ రవాహీగారు స్వయంగా ఆ జబ్బునుంచి కోలుకున్నవారే. ఆమె దాచుకోలేదు, అందువల్ల ఎందరికో దారి దొరికింది. మన సంఘంలో ఇంజనీర్లున్నారు, టీచర్లున్నారు. చికిత్స ముగిసిన ఇంటికి కారియరు ఆపినా ఫరవాలేదు. వారానికి రెండు సాయంత్రాలు ఆ పిల్లలచేత లెక్కలు చేయించండి, కనీసం ఆ ఏడాది పరీక్షలు అయ్యేవరకు.