మీకు తెలుసా? – తుపాకి పట్టిన పల్లెపడుచులను చూపిన కెమెరా

నేఁడు సూర్యాపేట జిల్లాలోనున్న తిరుమలగిరి నాఁడు నైజాము రాజ్యమునందలి నల్లగొండ జిల్లాలోనిది. 1946 జులై 4న ఆ జిల్లాలోని కడవెండిలో రైతు ఉద్యమకారుఁడు దొడ్డి కొమరయ్య నేలకొరగిన పిమ్మట తిరుమలగిరితోఁ గూడిన ఈ సీమ సాయుధ రైతాంగ పోరాటమునకు నెలవయ్యెను. ఆ పోరాటమున దళములుగా నేర్పడిన రైతులను, తుపాకులు చేబూనిన స్త్రీలను ఛాయాచిత్రములందు నిలిపినవాఁడు తెలుగువాఁడు కాఁడు. అస్సాములోని డిబ్రూగఢ్‌లో 1918లో జన్మించి, కలకత్తాలో పెరిగిన సునీల్ జానా.

ఆంగ్లసాహిత్య విద్యార్థిగా నుండిన యీతఁడు 1943లో కమ్యూనిస్టు నాయకుఁడు పి.సి. జోషీ ప్రోద్బలమున, చిత్రకారుఁడు చిత్తప్రసాద్‌తోఁ గూడి వంగదేశపు క్షామమును చూడఁబోయి, ఆకటితోఁ గన్నుమూయుచున్న వారిని కెమెరాలో బంధించి, ‘పీపుల్స్ వార్’ పత్రిక ద్వారా ఆ ఘోరమును లోకమున కెఱిఁగించెను. దైన్యమునందు సైతము మనుష్యుని మర్యాదను తగ్గింపని చూపు ఆయనది. ఛాయాగ్రాహకులలో నిది అరుదు.

అమెరికా ‘లైఫ్’ పత్రికకుఁ బనిచేసిన మార్గరెట్ బూర్క్-వైట్ ఆయనకు మిత్రురాలు. 1949 నాటి ఆయన చిత్రసంపుటి ‘ది సెకండ్ క్రీచర్’కు ముఖపత్రమును రూపొందించినది మఱెవరో కాదు, సత్యజిత్ రాయ్! పద్మభూషణ్ పురస్కారము లభించిన 2012వ సంవత్సరముననే జానా కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో మరణించెను.